వినాయకుడి పాలు, ఆనందయ్య మందు, మా నాయన

1995 సెప్టెంబర్ 21, గురువారం. నేను ఆరో తరగతి. బడి నుంచి వచ్చేసరికి మా ఊళ్లో సగం మంది వినాయకుడి గుడి ముందున్నారు, ఒక చేతిలో పాలగ్లాసు, ఇంకో చేతిలో స్పూను. ఢిల్లీలో తాగాడంట, మద్రాసులో తాగాడంట, మన వినాయకుడు మాత్రం ఎందుకు తాగడు అని. మా అమ్మ కూడా గ్లాసు కడుగుతుంటే నాయన ఆపలేదు. "పోయిరా, వచ్చినాక మన పొత్రానికి కూడా పడదాం, పాపం అదేం చేసింది" అన్నాడు.

అమ్మ వచ్చాక నిజంగానే రోట్లో పొత్రం తీసి కడిగి వసారాలో నిలబెట్టాడు. పాలల్లో చిటికెడు పసుపు కలిపాడు. స్పూను నిండా పోసి అంచు రాయికి ఆనించి కొంచెం వంచితే పొత్రం శుభ్రంగా తాగేసింది. పసుపు కలపడంతో దొంగతనం బయటపడింది, స్పూనులోంచి రాయి మీదికి సన్నటి పసుపు గీత ఒకటి కిందిదాకా జారుతోంది. స్పూను అంచులో ఉబ్బి ఉన్న పాలను తలతన్యత రాయి మీదికి లాగుతుంది, ఆ తర్వాత పని గురుత్వాకర్షణది. తెల్ల పాలైతే ఆ పొర కంటికి ఆనదు, అంతే. చుట్టుపక్కల పిల్లలందరం ఆ రోజు రాళ్లకీ గోడకీ పాలు తాగించాం, అమ్మ మాత్రం లీటరు పాలు దండగైనందుకు నన్నే తిట్టింది.

నాయన ఎర్ర పార్టీ మనిషి. మెంబర్‌షిప్ ఎప్పుడూ తీసుకోలేదు, పొలం పనుల మధ్య కుదరలేదంటాడు. సుందరయ్య పుట్టిన నెల్లూరు జిల్లా మాది, ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు మారుతుంది. 1991లో జిల్లా అంతా అక్షరదీపం నడిచినప్పుడు లాంతరు పెట్టుకుని రాత్రిబడి చెప్పాడు, ఆ చదువుల వేడిలోంచే మరుసటేడు దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. మా ఇంట్లో దేవుడి పటాల పక్కన మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలుండేవి. నేను ఇంజనీరింగ్ చదివి బెంగళూరు వచ్చి పడ్డానంటే ఆ పుస్తకాలూ ఆ పొత్రమూ రెండూ కారణమే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇరవై ఆరేళ్ల తర్వాత అదే మనిషి ఫోన్ చేసి "కృష్ణపట్నం పోయొస్తా అబ్బయా, ఆనందయ్య మందు తెచ్చుకుంటా" అన్నాడు.

2021 మే. కర్ణాటకలో రోజుకు 50 వేల దాకా కేసులు, మళ్లీ లాక్‌డౌన్, నేను మారతహళ్లిలో మూడో అంతస్తులో కూర్చుని అంబులెన్స్ సైరన్లు లెక్కపెడుతున్నాను. అప్పుడే మా జిల్లాలో ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య అనే ఆయన ఆకులు, తేనె, దినుసులు కలిపి కరోనాకు మందు ఇస్తున్నాడని వార్త. ఉచితంగా. వేలమంది ఎగబడ్డారు, మాస్కుల్లేవు, దూరం లేదు, మే 21కి పరిస్థితి చేయిదాటి పంపిణీ ఆగిపోయింది. అధికార పక్షం, ప్రతిపక్షం అనే తేడా లేకుండా నాయకులు వెనక నిలబడ్డారు. నెలాఖరుకు కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావి ఇచ్చుకోవచ్చని రాష్ట్ర ప్రభుత్వం అనుమతించింది. హాని లేదన్నారు గానీ, రోగం తగ్గిస్తుందని ఏ పరీక్షా తేల్చలేదు. హాని లేకపోవడం వేరు, మందు కావడం వేరు అనే తేడా ఆ నెలంతా ఎవరికీ పట్టలేదు.

నేను ఫోన్లో అరిచాను. గుంపులో నిలబడితే లేని రోగం వస్తుందన్నాను, అది నిజమే. ఆయనన్నది ఇదీ:

"మీ బెంగుళూరులో ఆస్పత్రికి పోతే ఎంత? రోజుకి లక్ష లేకుండా గేటు తీస్తారా? ఆయన ఊరికే ఇస్తా ఉండాడు. పేదోడు ఊరికే ఇస్తే అది మందు కాదు, కంపెనీవోడు అమ్మితేనే మందా?"

"నాయనా, వినాయకుడు పాలు తాగినప్పుడు నువ్వేం చేశావు? పసుపు కలిపి చూశావు గదా. దీనికి కూడా పసుపు కలిపి చూడాలి గదా?"

"మరి మీ పెద్ద డాక్టర్లు ప్లాస్మా ఎక్కించారే ఏడాదిపాటు. దానికి పసుపు కలిపారా?"

ఇక్కడ నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ వారమే, మే 17న, కోలుకున్నవాళ్ల రక్తంలోని ప్లాస్మాను రోగికి ఎక్కించే ఆ చికిత్సను జాతీయ మార్గదర్శకాల నుంచి తీసేశారు. దాంతో ఉపయోగం లేదని ఐసీఎంఆర్ చేసిన సొంత అధ్యయనమే ముందు సంవత్సరం అక్టోబర్‌లో అచ్చయింది, అయినా ఏడు నెలలు ప్లాస్మా డోనర్ల కోసం ట్విట్టర్‌లో జనం ప్రాధేయపడుతూనే ఉన్నారు, నేను కూడా రెండు మూడు పోస్టులు షేర్ చేశాను. ఫోన్ పెట్టేశాక గానీ సమాధానం తట్టలేదు. ఆలస్యమైనా సరే, కలిపారు నాయనా, కలిపి చూసి పారేశారు. ఆనందయ్య మందుకు అది జరగలేదు, జరగాలని అడిగినవాళ్లను కార్పొరేట్ ఏజెంట్లు అన్నారు.

ఆ కార్పొరేట్ ఏజెంట్లు అనే మాటే నన్ను చాలా రోజులు తినేసింది. నాయనకు సైన్స్ తెలియక కాదు, మూఢనమ్మకమూ కాదు. ఆయన కోపం నూటికి నూరుపాళ్లు న్యాయమైన కోపం. ఆ రోజుల్లో మా పక్క బిల్డింగ్‌లో ఒకాయనకు ఆస్పత్రి వేసిన బిల్లు చూస్తే ఎవడైనా ఎర్ర జెండా పట్టుకోవాల్సిందే. కానీ ఆ న్యాయమైన కోపం ఎప్పుడు మలుపు తిరిగి "కాబట్టి ఈ ఆకులు పనిచేస్తాయి" దగ్గర ఆగిందో ఆయనకే తెలియదు. దోపిడీ నిజం, కాబట్టి మందు నిజం. ఈ రెండింటి మధ్య అసలు వంతెన లేదు, అయినా నడిచి వెళ్లిపోయాడు.

ఇదే వంతెన మీద ఒక దేశాధ్యక్షుడు నడిచాడని కొన్నాళ్ల తర్వాత చదివాను. దక్షిణాఫ్రికాలో థాబో ఎంబెకి, 1999 నుంచి 2008 దాకా అధ్యక్షుడు, జాతి వివక్ష మీద పోరాడిన తరం మనిషి, బాగా చదువుకున్నవాడు. ఎయిడ్స్‌కు హెచ్ఐవి కారణమనడం మీదే అనుమానాలు లేవనెత్తాడు, ఆ వాదనలు చేసేవాళ్లను పిలిచి సలహా సంఘంలో కూర్చోబెట్టాడు. ఆయన ఆరోగ్యమంత్రి మాంటో షబలాలా-మ్సిమాంగ్ వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయ తినమంది. నల్లవాళ్ల శరీరాల గురించి తెల్లవాళ్ల సైన్స్ ఎన్ని తరాలు అబద్ధాలు చెప్పిందో ఎంబెకికి తెలుసు. మందుల కంపెనీల సంగతీ తెలుసు, చవక మందులు రాకుండా 39 కంపెనీలు ఆ దేశం మీదే కోర్టుకెళ్లి, ప్రపంచం ఛీకొడితే 2001 ఏప్రిల్‌లో కేసు వాపసు తీసుకున్నాయి. అదే ఏడాది మన సిప్లా ఒక మనిషికి ఏడాది మందులు 350 డాలర్లకు ఇస్తానంది. అంటే దోపిడీ నిజం, దానికి విరుగుడూ దొరికింది. అయినా ఆ ప్రభుత్వం మందులు జనానికి చేరనివ్వకుండా నాన్చింది. 2000 నుంచి 2005 లోపు ఆ నాన్చుడుకు 3,30,000 మందికి పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా వేశారు.

ఎంబెకికి ఎదురు తిరిగింది విదేశీ కంపెనీలు కాదు. జాకీ అక్మట్ లాంటివాళ్లు, అదే ఉద్యమంలోంచి వచ్చినవాళ్లు, వీధుల్లోనూ కోర్టులోనూ కొట్లాడారు. మందులు పేదలకు అందేదాకా నేనూ మింగనని భీష్మించుకుని కూర్చున్నాడాయన, తనకే హెచ్ఐవి ఉండి. గర్భిణులకు మందు ఇచ్చి తీరాలని 2002లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. కంపెనీలనూ నమ్మలేదు, అధ్యక్షుడినీ నమ్మలేదు, మాత్రను నమ్మారు. నాయనకు ఈ కథ చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో, ఫోన్లో కుదరదు.

ఇక్కడిదాకా చదివిన కుడివైపు మిత్రులు తెగ సంతోషపడుతూ ఉంటారు, ఆగండి. మా టీమ్‌లో ఒకతనున్నాడు, శీను అనుకుందాం. హోసూరు తెలుగువాడు, మాతో తెలుగు, క్యాబ్ డ్రైవర్‌తో కన్నడ, ఇంట్లో సగం తమిళం. మా కంపెనీలో ఏ/బి టెస్టులన్నీ, అంటే రెండు రకాలు జనానికి చూపించి ఏది నయమో తేల్చే పరీక్షలన్నీ, అతనే చూస్తాడు. ఏ బటన్ రంగు మార్చినా "శాంపిల్ చాలదు మామా, ఇంకో వారం ఆగు" అని ప్రొడక్ట్ మేనేజర్లను ఏడిపిస్తాడు. అంత కచ్చితమైన మనిషి ఆంధ్రా మెస్సులో పప్పన్నం కలుపుతూ, మన ఋషులకు విమానశాస్త్రం తెలుసు, బ్రిటిష్‌వాళ్లు తొక్కేశారు అంటాడు. 2015లో ముంబై సైన్స్ కాంగ్రెస్‌లో ఒక పైలట్ పెద్దాయన దాని మీద ప్రసంగించాడు కూడా, దాన్నే చూపిస్తాడు.

తమాషా ఏంటంటే, శీను చెప్పే ఆ వైమానిక శాస్త్రం పుట్టింది భరద్వాజ మహర్షి ఆశ్రమంలో కాదు, అతను రోజూ హోసూరు రోడ్డు మీద వచ్చే దారికి కాస్త పక్కనే, ఆనేకల్లులో. సుబ్బరాయశాస్త్రి అనే పండితుడు, మహర్షే తనకు చెబుతున్నాడంటూ 1918-23 మధ్య చెప్పుకుంటూ పోతే రాసుకున్న శ్లోకాలవి. బొమ్మలు గీసింది బెంగళూరులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో డ్రాఫ్ట్స్‌మన్ ఎల్లప్ప. 1974లో మన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఐదుగురు, ముకుంద, దేశ్‌పాండే, నాగేంద్ర, ప్రభు, గోవిందరాజు, ఆ పుస్తకాన్ని ఎగతాళి చేయకుండా కూర్చుని చదివారు. భాష చూశారు, ఛందస్సు చూశారు, శకున, సుందర, రుక్మ, త్రిపుర అనే నాలుగు విమానాల కొలతలు తీసి లెక్కలు కట్టారు. పుస్తకం 1904కు ముందుది కాదని, అందులో ఏ ఒక్కటీ ఎగరదని, గీసినవాళ్లకు ఎగరడం అంటే ఏంటో కూడా తెలియదని తేల్చారు. నాకు ఆ వ్యాసంలో నచ్చేది వాళ్ల ఓపిక. పొత్రానికి పసుపుపాలు పోసి చూసినట్టే, వాళ్లు కూడా పోసి చూశారు.

ఆ వ్యాసం ప్రింట్ తీసి శీనుకిచ్చాను. రెండు రోజులు చదివాడు, పాపం నిజాయితీగానే చదివాడు. మూడో రోజు మెస్సులో "వీళ్లకు ఫండింగ్ ఎవరిచ్చారు మామా?" అన్నాడు.

నాయన ప్రశ్న కూడా ఇదే గదా. మందు పనిచేస్తుందా లేదా అన్నది కాదు, ఎవడి మందు. విమానం ఎగురుతుందా లేదా అన్నది కాదు, ఎవడు లెక్క కట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు చూస్తే పలకరించుకోరు, కానీ ప్రశ్న ఒకటే.

శీను బాధ నాకు అర్థం కాకపోలేదు. రెండొందల ఏళ్లు నీకేం తెలీదు అనిపించుకున్న జాతికి మాకూ తెలుసు అని చెప్పుకోవాలని ఉండదా? కానీ గర్వపడడానికి ఈ ఊళ్లోనే నిజమైన విమానం ఉంది. విష్ణు ఘాటగే బృందం విమానాల ఫ్యాక్టరీ హెచ్ఏఎల్‌లో కట్టిన హెచ్‌టీ-2 1951లో ఇక్కడే ఎగిరింది, స్వాతంత్ర్యం వచ్చిన నాలుగేళ్లకు, మన గీతలతో, మన లెక్కలతో. దాని గురించి శీను ఎప్పుడూ వాట్సాప్‌లో పెట్టడు. దాంట్లో ఎవడి మీదా కసి తీరదు మరి.

ఇంత లెక్కలు తెలిసినవాడు ఇలా ఎందుకంటే, దాని మీద అమెరికాలో డాన్ కహన్ అనే ఆయనా మరికొందరూ చేసిన ఒక ప్రయోగం ఉంది. వెయ్యికి పైగా మందికి తలా ఒక పట్టిక ఇచ్చారు. కొందరికిచ్చిన దాంట్లో చర్మానికి ఒక క్రీమ్, రాసుకున్నవాళ్లలో 223 మందికి దద్దుర్లు తగ్గాయి, 75 మందికి పెరిగాయి. రాసుకోనివాళ్లలో 107 మందికి తగ్గాయి, 21 మందికి పెరిగాయి. క్రీమ్ పనిచేసినట్టా? 223 పెద్ద అంకె కాబట్టి అవును అనిపిస్తుంది, నిష్పత్తి తీస్తే రాసుకోనివాళ్లే నయం. లెక్కలు వచ్చినవాళ్లు పట్టేశారు. ఇంకొందరికి అవే అంకెలు పెట్టి క్రీమ్ బదులు తుపాకుల నిషేధం, దద్దుర్ల బదులు నేరాలు అన్నారు. ఇప్పుడు లెక్కలు వచ్చినవాళ్లు, జవాబు తమ పార్టీకి అనుకూలమైతేనే నిష్పత్తి తీశారు, లేకపోతే పెద్ద అంకె చూసి సంతృప్తిపడ్డారు. రెండు వర్గాల మధ్య దూరం లెక్కలు రానివాళ్లలో కన్నా వచ్చినవాళ్లలోనే ఎక్కువగా కనిపించింది. అయితే తర్వాత వేరేవాళ్లు మళ్లీ చేసి చూస్తే, జనం తమ వైపుకు ఒరుగుతారన్నది నిలబడింది గానీ, లెక్కలొస్తే ఇంకా ఎక్కువ ఒరుగుతారన్న మాట నిలబడలేదు. నా వాదనకు బాగా సరిపోయింది కదా అని ఈ రెండో ముక్క మింగేస్తే నేనూ 223 చూసి ఆగిపోయినట్టే. క్రీమ్ పట్టికను శీనుకు ఇచ్చాను, రసం వడ్డించేలోపు జవాబు చెప్పేశాడు. తుపాకుల పట్టిక ఇవ్వలేదు, మనకు తుపాకులతో పనేముంది, ఇంకేదైనా పెడితే లంచ్ పాడవుతుంది.

మల్లేశ్వరం వెళ్లినప్పుడల్లా ఇన్‌స్టిట్యూట్ టవర్ చూస్తే నాకు ఇంకో కథ గుర్తొస్తుంది. జర్మనీలో ఫిలిప్ లెనార్డ్, యోహానెస్ స్టార్క్ అని ఇద్దరు, ఇద్దరికీ ఫిజిక్స్‌లో నోబెల్, 1905లో ఒకరికి, 1919లో ఒకరికి. ఇద్దరూ నాజీలై, సాపేక్ష సిద్ధాంతం యూదుల ఫిజిక్స్ అన్నారు. జర్మన్ ఫిజిక్స్ వేరే ఉందన్నారు. చదువు లేకపోవడమే సమస్య అనేవాళ్లకు ఈ రెండు నోబెళ్లు చూపిస్తే చాలు. 1933లో యూదు ప్రొఫెసర్లను తరిమేస్తే అందులో మాక్స్ బోర్న్ ఉన్నాడు, క్వాంటం మెకానిక్స్ కట్టినవాళ్లలో ఒకడు. సి.వి. రామన్ పిలిస్తే 1935-36 చలికాలం ఆయన బెంగళూరులోనే ఉన్నాడు. ఇక్కడే శాశ్వతంగా ఉద్యోగం ఇవ్వాలని రామన్ పట్టుబట్టాడు కూడా. ఫ్యాకల్టీ మీటింగ్‌లో ఒక ఇంగ్లీషు ప్రొఫెసర్ లేచి, సొంత దేశం తరిమేసిన రెండో రకం విదేశీయుడు మనకెందుకు అన్నాడు. ఇంటికెళ్లి ఏడ్చానని బోర్నే తర్వాత రాసుకున్నాడు. 1936లో ఎడిన్‌బరో వెళ్లిపోయాడు, 1954లో నోబెల్ వచ్చింది. ఆ టవర్ ముందు ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, మనకు వచ్చి పోయినదేంటో అనిపిస్తుంది.

సరే, మళ్లీ మా ఇంటికి. నాయన పుస్తకాల్లో మిచూరిన్ అనే పండ్లతోటల ఆయన గొప్పోడు. ఆయన పేరు చెప్పుకుని గద్దెనెక్కిన లైసెంకో గురించి మాత్రం ఆ పుస్తకాలు నోరు మెదపలేదు, నాకు బెంగళూరు వచ్చాకే తెలిసింది. సోవియట్ వ్యవసాయ శాస్త్రవేత్త ట్రోఫిమ్ లైసెంకో పేదరైతు బిడ్డ, అందుకే పార్టీకి ముద్దొచ్చాడు. గోధుమ విత్తనాన్ని నానబెట్టి చలికి ఉంచితే త్వరగా పూతకొస్తుంది, ఇంతవరకు నిజమే. ఆ గుణం తర్వాతి పంటకూ వస్తుందన్నాడు, అది అబద్ధం. జన్యువు అనేది బూర్జువా కట్టుకథ అన్నాడు. ఒకే జాతి మొక్కలు ఒకదానితో ఒకటి పోటీపడవన్నాడు. వర్గంలో ఐకమత్యం ఉంటే మడిలో మాత్రం ఎందుకుండదు! నారు దగ్గర దగ్గర నాటితే ఏమవుతుందో మా ఊళ్లో నాట్లు వేసే ఏ ఆడమనిషినడిగినా చెప్తుంది.

1948 ఆగస్టులో మాస్కోలో వ్యవసాయ అకాడమీ సమావేశం. లైసెంకో ప్రసంగాన్ని స్టాలిన్ ముందే దిద్దాడు. ఏ సైన్సయినా వర్గ స్వభావం గలదే అని రాసిన చోట, మరి గణితం సంగతేంటి, డార్వినిజం సంగతేంటి అని మార్జిన్లో నవ్వుతూ రాశాడట, ఆయనకే నవ్వొచ్చింది చూడండి. అయినా చివరి రోజు లైసెంకో లేచి, నా నివేదికను కేంద్రకమిటీ చదివి ఆమోదించింది అన్నాడు. అంతే, అప్పటిదాకా వాదించినవాళ్లలో కొందరు అక్కడికక్కడే లేచి చెంపలేసుకున్నారు. దేశంలో జన్యుశాస్త్రం మూతబడింది. పదేళ్ల తర్వాత చైనా గొప్ప ముందడుగు పేరుతో అవే దగ్గర నాట్లు, అవే లోతు దుక్కులు మొదలుపెట్టింది, పంట తినేస్తున్నాయని పిచ్చుకలను చంపించింది, పురుగులు తినే పిచ్చుకలు పోయాక పురుగులు పంటను తినేశాయి, కరువొచ్చింది. ఆ కరువుకు కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, లెవీ పేరుతో ధాన్యం లాక్కోవడం అన్నిటికన్నా పెద్దది, కానీ పైవాడికి నచ్చని అంకె చెప్పే ధైర్యం కిందివాడికి లేకపోవడం అన్నిట్లోనూ ఉంది. కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా అంచనాలున్నాయి, చనిపోయినవాళ్లకు.

ఇప్పుడు నా వంతు. నేనేదో గట్టు మీద కూర్చుని తీర్పులు చెప్తున్నానని అనుకోకండి. 2006లో వరంగల్ జిల్లాలో బీటీ పత్తి (పురుగును చంపేలా జన్యువు మార్చిన పత్తి) చేలో మేసి గొర్రెలు చనిపోయాయని వార్త వచ్చింది. నేను అప్పుడు ఆ విత్తనాల కంపెనీ మోన్‌శాంటో అంటే మండిపడే కుర్రాడిని, ఆ కథను కనీసం పదేళ్లు చెప్పాను. బీటీ వంకాయ మీద 2010లో గొడవ జరిగినప్పుడు కూడా అందరికీ మెయిల్ పెట్టాను. బీటీ ప్రోటీన్ పురుగు పేగులోని క్షారంలో పనిచేస్తుందని, గొర్రె కడుపులో దాన్ని అంటించుకునే చోటే లేదని, గొర్రెల చావుకు పురుగుమందు అవశేషాలు, నైట్రేట్లు లాంటి వేరే అనుమానాలు వచ్చాయే తప్ప బీటీ వల్లేనని తేలలేదని చదవడానికి నాకు పావుగంట పట్టింది. ఆ పావుగంట పదేళ్లు దొరకలేదు. కథ నా వైపు ఉంది, చదవాల్సిన అవసరమేముంది?

ఇందులో నన్ను పొడిచేది ఇంకోటుంది. అదే 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విత్తనాల ధర మీద పోరాడి, 1,800 పైన ఉన్న పత్తి విత్తనాల ప్యాకెట్‌ను 750 రూపాయలకు దించింది. రైతుకు నిజంగా ఒరిగింది అదీ. ధర మీద, గుత్తాధిపత్యం మీద కొట్లాడడానికి గొర్రెల కథ అవసరమే లేదు. పైగా గొర్రెల కథ అబద్ధమని తెలిసిన రోజు, ధర గురించి చెప్పినా ఎవడూ వినడు.

రెండు పక్కలా ఇంతే కాబట్టి అందరూ సమానం అనే మాట మాత్రం నేను అనను. ఎవడి చేతిలో అధికారం ఉందనేది ముఖ్యం. శీను మెస్సులో మాట్లాడితే నాకు పప్పు చల్లారుతుంది, అంతే. అదే 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో, పిల్లలు కూర్చున్న సభలో, ఆంధ్రా యూనివర్సిటీ అప్పటి వైస్ చాన్సలర్ జి. నాగేశ్వరరావు కౌరవులు టెస్ట్ ట్యూబ్ బేబీలన్నాడు, రావణుడికి 24 రకాల విమానాలున్నాయన్నాడు. ఆయన సాక్షాత్తు కెమిస్ట్రీ ప్రొఫెసర్. విశాఖలో చదువుకున్న నా స్నేహితులు ఆ రోజు గ్రూపులో తలలు పట్టుకున్నారు. ఇవాళ మన దేశంలో ఈ గాలి ఏ వైపు నుంచి ఎక్కువ వీస్తోందో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. శాస్త్రీయ దృక్పథం పౌరుడి కర్తవ్యమని 1976లో రాజ్యాంగంలో రాసుకున్నాం, 51ఎ లో. రాసింది ఎమర్జెన్సీ పెట్టిన ప్రభుత్వం, అదొక వెటకారం.

నాయన కృష్ణపట్నం వెళ్లలేదు. నా అరుపుల వల్ల కాదు, అప్పటికే పంపిణీ ఆగిపోయింది. వ్యాక్సిన్‌కు మాత్రం రెండు నెలలు మొండికేశాడు. కొవాగ్జిన్‌కు మూడో దశ ఫలితాలు రాకముందే అనుమతి ఇచ్చారని ఆయన పట్టుకున్న పాయింట్ అసలు తప్పే కాదు, జనవరిలో చాలామంది శాస్త్రవేత్తలూ అదే అడిగారు. కానీ కోవిషీల్డ్ వేసుకోమంటే అది విదేశీ కంపెనీది అన్నాడు. నేను గ్రాఫులు పంపాను, ఇంగ్లాండ్ మరణాల లెక్కలు పంపాను, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. జూలైలో ఆశా కార్యకర్త ఇంటికొచ్చింది. ఆ అమ్మాయి తల్లి మా నాయన చెప్పిన రాత్రిబడిలో సంతకం నేర్చుకున్న మనిషి. "తాతా, మా అమ్మకి ధైర్యం చెప్పి గడప దాటించినోడివి, నువ్వే సూదికి భయపడితే ఎట్టా" అందంట. చొక్కా వేసుకుని ఆ అమ్మాయి వెనకే పీహెచ్‌సీకి నడిచాడు. ఏ కంపెనీదని కూడా అడగలేదని అమ్మ చెప్పి నవ్వింది.

మొన్న సంక్రాంతి అయ్యాక మా ఇంటికొచ్చాడు. ఒక సాయంత్రం మేడ మీద కూర్చుని, ఫోన్లో ఎప్పుడూ కుదరని మాటలన్నీ చెప్పాను. ఎంబెకి గురించి విని "ఆయన బాధ ఆయనది" అన్నాడు, అంతకుమించి ఏమీ అనలేదు. లైసెంకో దగ్గర మాత్రం గట్టిగా వాదించాడు, చుట్టూ శత్రువులు, కరువు, యుద్ధం, నీకేం తెలుసు అని. నేను వావిలోవ్ సంగతి చెప్పాను. దేశదేశాలు తిరిగి విత్తనాలు పోగుచేసిన నికొలాయ్ వావిలోవ్, లైసెంకోను కాదన్నందుకు 1940 ఆగస్టులో మొక్కల కోసం వెళ్లిన చోటే అరెస్టయ్యాడు, 1943 జనవరిలో సరటోవ్ జైల్లో తిండి లేక చిక్కి చనిపోయాడు. ఆయన పోగుచేసిన విత్తనాలు లెనిన్‌గ్రాడ్‌లో ఉన్నాయి, జర్మన్లు ఊరిని 872 రోజులు ముట్టడించారు, తినడానికేమీ లేదు. విత్తనాలకు కాపలా ఉన్నవాళ్లు ఒక్క గింజ ముట్టుకోకుండా ఒకరి తర్వాత ఒకరు ఆకలితో చనిపోయారు. ఇవనోవ్ అని, వడ్ల విభాగం ఆయనది, వేల వరి విత్తనాల పొట్లాల మధ్య పోయాడు. వాళ్లూ సోవియట్ మనుషులే నాయనా, అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. కింద మారతహళ్లి హారన్లు. మా నాయన నలభై ఏళ్లు వరి పండించిన మనిషి, నా చిన్నప్పుడు మా పొలంలో మొలగొలుకులు వేసేవాళ్లు, ఇప్పుడు ఆ వడ్లు మా ఊళ్లో ఎవరి దగ్గరా లేవు.

"ఆ వడ్లు ఇంకా ఉండాయా అబ్బయా?" అన్నాడు.

ఉన్నాయి, ఆ విత్తనాలు దాచిన ఇన్‌స్టిట్యూట్‌కు ఇప్పుడు వావిలోవ్ పేరే అన్నాను.

"మన మొలగొలుకులు ఉండాయేమో కనుక్కో."